వేసెక్టమీ రివర్సల్: ఆసుపత్రి చెప్పే శాతం, దంపతులకు కావలసిన శాతం

సంక్షిప్తంగా: వేసెక్టమీలో, అంటే పురుషుల కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో తెగిన శుక్రవాహికను (శుక్రకణాలను మోసుకెళ్లే నాళాన్ని) తిరిగి కలపడం సాధ్యమే. అయితే కలిపిన తర్వాత వీర్యంలో శుక్రకణాలు కనిపించడం ఒక లెక్క, భార్య గర్భం దాల్చడం మరో లెక్క. మొదటి అంకె ఎప్పుడూ రెండోదానికన్నా పెద్దదిగానే ఉంటుంది. వేసెక్టమీ జరిగి ఎన్నేళ్లయింది, భార్య వయసెంత, వృషణం వైపు నాళంలో రెండో అడ్డంకి ఏర్పడిందా, ఏర్పడితే దాన్ని దాటించి కుట్టగల సర్జన్ ఉన్నారా అన్న విషయాలు ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సంతానోత్పత్తి రేటు (ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య) 1.7, తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా ఉండటానికి కావలసిన 2.1 కన్నా రెండూ తక్కువే. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను తొలగిస్తూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో సవరణ బిల్లులను ఆమోదించింది. దశాబ్దాలపాటు ‘ఇద్దరు చాలు’ అని చెప్పిన ప్రభుత్వమే ఇప్పుడు ఎక్కువమందిని కనమనే దిశగా మాట మార్చడంతో, ఇదివరకే ఆపరేషన్ చేయించుకున్నవారి సంగతేమిటన్న ప్రశ్న సహజంగానే ముందుకు వచ్చింది. నిజానికి ఈ ప్రశ్న జనాభా చర్చకన్నా చాలా పాతది. బిడ్డను పోగొట్టుకున్నవారు, రెండో పెళ్లి చేసుకున్నవారు ఎప్పటినుంచో దీన్ని అడుగుతూనే ఉన్నారు. మన దేశంలో ఆసుపత్రి రికార్డుల్లో దీన్ని రీకెనలైజేషన్ అని రాస్తారు, ప్రకటనల్లో వేసెక్టమీ రివర్సల్ అన్న మాటే ఎక్కువగా కనిపిస్తుంది.

శాశ్వతమని సంతకం, సాధ్యమని ప్రకటన

ప్రభుత్వ కార్యక్రమం కింద కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకునే ప్రతి ఒక్కరూ ఆ ఆపరేషన్ ఆచరణలో శాశ్వతమైనదని తమకు తెలుసునని ఒప్పుకుంటూ సమ్మతి పత్రంపై సంతకం పెడతారు. మరోపక్క, తెగిన నాళాన్ని కలుపుతామని, తొంభై శాతం విజయం ఖాయమని సంతాన సాఫల్య కేంద్రాల ప్రకటనలు చెబుతాయి. ఈ రెండింటిలో ఒకటి అబద్ధమై ఉండాలని పాఠకుడు అనుకోవడంలో తప్పు లేదు. కానీ రెండూ వేర్వేరు ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు. ‘దీన్ని తర్వాత తీయించుకోవచ్చులే అనే ధీమాతో చేయించుకోవచ్చా?’ అన్నదానికి సమ్మతి పత్రం జవాబు చెబుతుంది. వద్దన్నదే ఆ జవాబు, అది సరైనదే. ‘ఇప్పటికే చేయించుకున్నవారికి దారేమైనా ఉందా?’ అన్నదానికి ప్రకటన జవాబు చెబుతుంది. ఉందన్నదీ నిజమే. ఆ ప్రకటనలోని తొంభై శాతం దేని శాతమన్న దగ్గరే తిరకాసు ఉంది.

వేసెక్టమీ ఏం ఆపుతుంది

వృషణంలో తయారైన శుక్రకణాలు దాని వెనుక అంటుకొని ఉండే ఎపిడిడిమిస్‌లోకి వెళ్లి, అక్కడ పరిపక్వమై, శుక్రవాహిక గుండా పైకి ప్రయాణించి వీర్యంలో కలుస్తాయి. శుక్రవాహిక పొడవు 30 నుంచి 35 సెంటీమీటర్లు. చర్మం మీదినుంచి పట్టుకుంటే పురికొసలా గట్టిగా చేతికి తగులుతుంది. బయటి మందం రెండు మూడు మిల్లీమీటర్లు ఉన్నా లోపలి రంధ్రం అర మిల్లీమీటరుకు మించదు. అంటే నాళంలో అధికభాగం గోడే. వేసెక్టమీలో వృషణ సంచి దగ్గర రెండు వైపులా ఈ నాళాన్ని బయటికి లాగి, చిన్న ముక్క కత్తిరించి, కొసలను ముడివేస్తారు లేదా కాల్చి మూసేస్తారు. ఇప్పుడు ఎక్కువగా చేసే కోత లేని, కుట్టు లేని పద్ధతిని 1974లో చైనాకు చెందిన లీ షున్‌చియాంగ్ రూపొందించారు. చర్మాన్ని చేరే దారి మారిందే గాని, లోపల నాళాన్ని తెంచే పని అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

ఆపరేషన్ తర్వాత పురుష హార్మోను ఉత్పత్తి తగ్గదు. వీర్యం పరిమాణంలోనూ గమనించదగిన తేడా రాదు, ఎందుకంటే వీర్యంలో వృషణాల వాటా చాలా స్వల్పం, మిగిలినదంతా నాళం పైకొస దగ్గరున్న గ్రంథులనుంచి వచ్చే ద్రవమే. ఇక్కడ ముఖ్యమైన విషయం ఏమిటంటే, వృషణం తన పని మానదు. బయటికి దారి లేకపోయినా శుక్రకణాలు తయారవుతూనే ఉంటాయి. శరీరంలోని తెల్లరక్త కణజాతికి చెందిన భక్షక కణాలు వాటిని ఎప్పటికప్పుడు తినేస్తుంటాయి. రివర్సల్ సాధ్యం కావడానికి ఈ ఎడతెగని ఉత్పత్తే ఆధారం. రివర్సల్ కష్టం కావడానికి మూలం కూడా అదే.

ఏళ్లు గడిచేకొద్దీ లోపల జరిగేది

కాలువకు అడ్డుకట్ట వేసి, తూము మూసి, పైనుంచి నీరు వదులుతూనే ఉంటే ఒత్తిడి ఎక్కడ గోడ బలహీనంగా ఉందో అక్కడ పడుతుంది. శుక్రవాహిక గోడ దళసరిది కాబట్టి తట్టుకుంటుంది. దాని కింద ఉన్న ఎపిడిడిమిస్ అలాంటిది కాదు. విప్పదీస్తే ఐదారు మీటర్లు ఉండే సన్నటి గొట్టం మెలికలు తిరిగి ఐదు సెంటీమీటర్ల అవయవంగా ముడుచుకున్నదే ఎపిడిడిమిస్. దాని గోడ మహా పలుచన. ఒత్తిడికి ఆ గొట్టం ఎక్కడో ఒకచోట చిట్లుతుంది, లోపలి ద్రవం చుట్టూ కారుతుంది, గాయం మానేటప్పుడు మచ్చకట్టి ఆ చోట దారి మూసుకుపోతుంది. వేసెక్టమీ చేసినచోటుతో నిమిత్తం లేకుండా ఇలా రెండో అడ్డంకి పుడుతుంది. అమెరికా సర్జన్ షెర్మన్ సిల్బర్ 1970ల చివర్లో దీన్ని విడమర్చి చూపేవరకు, నాళాన్ని చక్కగా కలిపినా కొందరికి శుక్రకణాలు ఎందుకు రావడం లేదో సర్జన్లకు సరిగా అంతుపట్టలేదు.

‘ఎన్నేళ్లయింది?’ అని డాక్టరు ముందుగా అడగడానికి కారణం ఇదే. ఏళ్ల సంఖ్యకు దానంతట దానికి మహిమ లేదు. రెండో అడ్డంకి ఏర్పడి ఉండే అవకాశాన్ని బయటినుంచి అంచనా కట్టడానికి అందుబాటులో ఉన్న కొలత అది. నాలుగేళ్లకే ఎపిడిడిమిస్ మూసుకుపోయినవారు ఉంటారు, ఇరవై ఏళ్ల తర్వాత కూడా దారి తెరిచే ఉన్నవారూ ఉంటారు.

మరో మార్పు రోగనిరోధక వ్యవస్థది. శుక్రకణాలు యుక్తవయసులో పుట్టుకొస్తాయి గనుక, అంతకుముందే తనవారెవరో పోల్చుకోవడం నేర్చిన రోగనిరోధక వ్యవస్థ వాటిని పరాయివిగా చూస్తుంది. మామూలుగా అవి రక్తానికి తగలకుండా అడ్డుగోడ ఉంటుంది. వేసెక్టమీ తర్వాత ఆ గోడ దాటి కారడంతో, సగానికి పైగా పురుషుల్లో శుక్రకణాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవుతాయి. ఇవి శుక్రకణాల కదలికను కొంత మందగింపజేయవచ్చు. అయినా యాంటీబాడీలు ఉన్న ఎందరో పురుషులు రివర్సల్ తర్వాత తండ్రులయ్యారు కాబట్టి, రక్తపరీక్షలో అవి కనిపించాయన్న ఒక్క కారణంతో ఆపరేషన్ వద్దనడం ఆనవాయితీ కాదు.

ఆపరేషన్ బల్ల మీద ఒక చుక్క

వేసెక్టమీకి పావుగంట ఇరవై నిమిషాలు చాలు. దాన్ని సరిచేయడానికి రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. పాత కత్తిరింపు చోటును వెతికి, మచ్చకట్టిన కొసలను తీసేసి, రెండు వైపులా ఆరోగ్యంగా ఉన్న నాళం కనిపించేవరకు కోస్తారు. ఈ పనంతా ఆపరేటింగ్ మైక్రోస్కోపు కింద, పది నుంచి ఇరవై ఐదు రెట్లు పెద్దదిగా చూస్తూ జరుగుతుంది. లోపలి పొరను కుట్టే నైలాను దారం మందం మిల్లీమీటరులో నలభయ్యో వంతు, అంటే తల వెంట్రుకలో సగం కూడా ఉండదు. పీల్చిన గాలికి ఎగిరిపోయేంత సన్నని దారంతో, అర మిల్లీమీటరు రంధ్రం చుట్టూ కొసకు కొస సరిగ్గా అతికేలా ఐదారు కుట్లు వేయాలి. నీరు కారకుండా అతకకపోతే శుక్రకణాలు బయటికి ఊరి, గడ్డకట్టి, కుట్టినచోటే మళ్లీ మూసుకుపోతుంది.

ఆ కుట్లకు ముందు ఒక ఘట్టం ఉంటుంది. అసలు తీర్పు వెలువడేది అక్కడే. వృషణం వైపు కొసను కోయగానే దానినుంచి ఊరే ద్రవాన్ని గాజు పలకపై ఒక చుక్క తీసుకొని, పక్కనే ఉన్న మరో మైక్రోస్కోపు కింద పెడతారు. చుక్క నీళ్లలా తేటగా ఉండి, ఈదుతున్న శుక్రకణాలు కనిపిస్తే శుభసూచకం. గంజిలా మసకగా ఉండి, తోకలు తెగిన శుక్రకణాలో, వట్టి తలలో కనిపించినా పరవాలేదు, దారి తెరిచే ఉందని అర్థం. ఈ రెండు సందర్భాల్లోనూ నాళాన్ని నాళంతోనే కలుపుతారు. టూత్‌పేస్టులా చిక్కగా ఉండి, ఎంత వెతికినా శుక్రకణం జాడ లేకపోతే, ఎపిడిడిమిస్‌లో ఎక్కడో మూసుకుపోయినట్టే. అప్పుడు కొసకు కొస కలిపి మూసేస్తే ప్రయోజనం తక్కువ. మూసుకుపోయిన చోటుకన్నా ముందు, అంటే వృషణం వైపున్న ఎపిడిడిమిస్ గొట్టంలో సన్నటి రంధ్రం చేసి, శుక్రవాహికను తెచ్చి దానికే అతకాలి. ఆ గొట్టం వెడల్పు మిల్లీమీటరులో ఐదో వంతు మాత్రమే. మూత్రవ్యవస్థ శస్త్రచికిత్సల్లో ఇంతకన్నా సున్నితమైన కుట్టుపని మరొకటి లేదని సర్జన్లు అంటారు.

విచిత్రమేమిటంటే చరిత్రలో ఈ కష్టమైన పనే ముందు జరిగింది. ఫిలడెల్ఫియాలో ఎడ్వర్డ్ మార్టిన్ 1900ల ఆరంభంలోనే, సూక్ష్మదర్శిని లేకుండా, వెండి తీగతో శుక్రవాహికను ఎపిడిడిమిస్‌కు కలిపారు. అప్పటికి వేసెక్టమీ వ్యాప్తిలో లేదు, గనేరియా వల్ల మూసుకుపోయిన నాళాలే ఆయన ఎదుట ఉన్న సమస్య. మైక్రోస్కోపు కింద శుక్రవాహికను పొరపొరగా కుట్టే పద్ధతి ఆస్ట్రేలియాలో ఎర్ల్ ఓవెన్, అమెరికాలో సిల్బర్ చేతుల్లో 1970ల మధ్యలో స్థిరపడింది.

ఆపరేషన్‌కు ముందు ఏ స్కానూ, ఏ రక్తపరీక్షా ఈ చుక్క చెప్పేదాన్ని నిక్కచ్చిగా చెప్పలేదు. అందువల్ల నాళం-నాళం కలపడం మాత్రమే వచ్చిన సర్జన్ దగ్గర ఆపరేషన్ మొదలుపెట్టించుకోవడం ఒక రకంగా జూదమే. రెండో పద్ధతి అవసరమైతే మీరే చేస్తారా అన్న ప్రశ్న, ఖర్చెంత అన్న ప్రశ్నకన్నా ముందు అడగవలసినది.

1991 నాటి లెక్క, దాన్ని చదివే తీరు

వేసెక్టమీ రివర్సల్ విజయావకాశాల గురించి ఎక్కడ ఏ పట్టిక కనిపించినా, దాని మూలం చాలావరకు 1991లో అమెరికాలో వెలువడిన ఒకే అధ్యయనంలో తేలుతుంది. పలువురు సర్జన్లు కలిసి 1,469 మందికి మైక్రోస్కోపు కింద చేసిన ఆపరేషన్ల ఫలితాలను అందులో ఒకచోట చేర్చారు. వీరిలో 1,247 మందికి అది మొదటి రివర్సల్.

వేసెక్టమీ జరిగి మూడేళ్లు నిండనివారిలో 97 శాతం మందికి వీర్యంలో శుక్రకణాలు తిరిగి వచ్చాయి, 76 శాతం జంటల్లో గర్భం నిలిచింది. మూడు నుంచి ఎనిమిదేళ్లయినవారిలో ఈ అంకెలు 88, 53. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్లయినవారిలో 79, 44. పదిహేనేళ్లు, ఆపైన అయినవారిలో 71, 30.

ప్రకటనలు ఎత్తిచూపేది ప్రతి జతలోనూ మొదటి అంకెను. అది సర్జన్ పనితనానికి కొలమానం. దంపతులకు కావలసింది రెండోది. ఈ రెండు అంకెలు దిగజారే తీరు కూడా ఒకేలా లేదు. మూడేళ్లలోపు వారినుంచి పదిహేనేళ్లు దాటినవారి దగ్గరికి వచ్చేసరికి శుక్రకణాలు తిరిగి రావడం 97 నుంచి 71కి, అంటే సుమారు నాలుగోవంతు మాత్రమే తగ్గింది. గర్భధారణ 76 నుంచి 30కి, అంటే సగానికన్నా కిందికి పడిపోయింది. నాళం తెరుచుకున్నా గర్భం రాకపోవడం ఏళ్లతోపాటు పెరుగుతోందన్నమాట. ఇందులో కొంత శుక్రకణాల సంఖ్య, కదలిక తగ్గడం వల్ల, కొంత ఒకవైపు మాత్రమే తెరుచుకోవడం వల్ల జరుగుతుంది. మిగిలిన భాగానికి కారణం ఆపరేషన్ గదిలో లేనే లేదు. భర్త వేసెక్టమీ జరిగి పదిహేనేళ్లయిందంటే భార్యకూ పదిహేనేళ్లు పైబడ్డాయి.

అదే అధ్యయనంలో మరో వివరం అంతగా ప్రచారంలోకి రాదు. మొదటి రివర్సల్ చేయించుకున్న 1,247 మందిలో తర్వాత వీర్యపరీక్ష ఫలితం అందింది 1,012 మందిది. వారిలో 865 మందికి, అంటే 86 శాతానికి శుక్రకణాలు కనిపించాయి. గర్భం వచ్చిందో రాలేదో తెలిసింది 810 జంటల విషయంలోనే. వారిలో 421 మందికి, అంటే 52 శాతానికి వచ్చింది. మిగిలిన 437 జంటల సంగతి లెక్కలోకి రాలేదు. వారిలో ఒక్కరికీ గర్భం రాలేదని అత్యంత నిరాశగా ఊహిస్తే 52 శాతం కాస్తా 34 శాతానికి దిగుతుంది. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. పైగా ఆ ఫలితాలు రోజూ ఇదే పని చేసే నిపుణులవి. ఏడాదికి రెండో మూడో చేసే చోట అవే అంకెలను ఆశించడానికి ఆధారం లేదు. భారతీయ ఆసుపత్రి కరపత్రంలో ఈ అమెరికా శాతాలు తమ సొంత ఫలితాల్లా అచ్చయి కనిపిస్తే, మీ ఆసుపత్రిలో ఎంతమందికి చేశారు, ఎంతమందికి బిడ్డ పుట్టింది అని విడిగా అడిగి తెలుసుకోవాల్సి ఉంటుంది.

చుక్కలో శుక్రకణాలు లేకపోయినా నాళాన్ని నాళంతోనే కలిపిన 83 మంది సంగతి కూడా ఆ అధ్యయనంలో ఉంది. వారిలో 60 శాతం మందికి శుక్రకణాలు కనిపించాయి, 31 శాతం జంటల్లో గర్భం వచ్చింది. పూర్తిగా వృథా కాదు గాని, మిగతావారితో పోలిస్తే బాగా తక్కువ. ఎపిడిడిమిస్‌కు అతికే ఆపరేషన్‌లో అనుభవజ్ఞుల చేతుల్లో సగం నుంచి ముప్పాతిక వంతు మందికి శుక్రకణాలు తిరిగి వస్తాయి, గర్భధారణ మూడోవంతుకు అటూ ఇటూగా ఉంటుంది.

భార్య వయసు అనే రెండో గడియారం

రివర్సల్ సంప్రదింపుల్లో తరచుగా మరుగునపడేది భార్య పరీక్ష. అడ్డంకి భర్తలో ఉంది కాబట్టి పరీక్షలన్నీ ఆయనకే అన్నట్టు నడుస్తుంది. అండాల సంఖ్య, నాణ్యత ముప్పై అయిదు దాటాక వేగంగా తగ్గుతాయి. భార్య వయసును బట్టి రివర్సల్ ఫలితాలను విడదీసి చూసిన అధ్యయనాల్లో నలభై దాటినవారి దగ్గర గర్భధారణ నిటారుగా పడిపోతుంది. శుక్రవాహిక ఎంత అందంగా అతికినా ఆ తగ్గుదలను పూడ్చలేదు.

అదే భార్యతో మళ్లీ సంతానం కోరుకునేవారికి ఫలితాలు మెరుగ్గా ఉంటాయన్నది మరో పరిశీలన. ఇద్దరికీ పిల్లలు పుట్టగలరని అంతకుముందే రుజువై ఉండటం, వారిలో చాలామందికి వేసెక్టమీ జరిగి తక్కువ కాలమే కావడం ఇందుకు కారణాలు. పాశ్చాత్య దేశాల్లో రివర్సల్ కోరేవారిలో ఎక్కువమంది విడాకుల తర్వాత మరో పెళ్లి చేసుకున్న పురుషులు. మన దగ్గర బిడ్డ మరణం ఆ స్థానంలో ఉంటుంది. పాశ్చాత్య పట్టికను మన దంపతులకు అన్వయించేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకుంటే, అంకెలు మన పరిస్థితికి ఒక మోస్తరు అనుకూలంగానే మొగ్గుతాయని చెప్పవచ్చు.

కలపడమా, నేరుగా తీయడమా

వృషణం పని మానలేదు కాబట్టి నాళాన్ని కలపకుండానే శుక్రకణాలను సూదితో ఎపిడిడిమిస్ నుంచో, వృషణం నుంచో తీసుకోవచ్చు. అవి కొద్దిగానే దొరుకుతాయి, వాటికి ఈదే శక్తి కూడా తక్కువ. అందువల్ల ఒక్కో శుక్రకణాన్ని ఒక్కో అండంలోకి సూదితో పంపే ఇక్సీ పద్ధతి తప్పనిసరి. 1992లో బ్రస్సెల్స్‌లో ఈ పద్ధతి ఫలించేవరకు సొంత బిడ్డ కావాలనుకునే వేసెక్టమీ అయినవారికి రివర్సల్ తప్ప నమ్మదగిన మరో మార్గం ఉండేది కాదు.

రెండు మార్గాల మధ్య ఎంపిక డబ్బు లెక్కతోనే తేలేది కాదు. రివర్సల్‌లో కోత భర్తకు. ఇక్సీలో భర్తకు సూదిపోటు, భార్యకు రోజుల తరబడి హార్మోను ఇంజెక్షన్లు, మత్తులో అండాలు తీయించుకోవడం, అది విఫలమైతే మళ్లీ మొదటినుంచి. సమస్య లేని మనిషి శరీరం మీద చికిత్స భారమంతా పడటం ఇందులోని వైరుధ్యం. రివర్సల్ ఫలిస్తే ఒకరి తర్వాత ఒకరుగా ఇద్దరు పిల్లలు పుట్టినా అదనపు ఖర్చు ఉండదు, కవలల బెడదా పెరగదు. కానీ ఫలితం తేలడానికి ఏడాదో, అంతకన్నా ఎక్కువో ఆగాలి. భార్యకు ముప్పై ఏళ్లుంటే ఆ ఏడాది ఆగగలరు. ముప్పై తొమ్మిదేళ్లయితే ఆ ఏడాదే అన్నిటికన్నా ఖరీదైనది. భార్యకు అండవాహికలు మూసుకుపోయి ఉన్నా, ఆమెకూ ఇదివరకే ట్యూబెక్టమీ (స్త్రీల కుటుంబ నియంత్రణ ఆపరేషన్) జరిగి ఉన్నా రివర్సల్ ప్రసక్తే ఉండదు.

చట్టం వైపునుంచి కూడా ఒక తేడా ఉంది. 2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టం ప్రకారం ఐవీఎఫ్ (శరీరం బయట అండాన్ని ఫలదీకరించడం), ఇక్సీ వంటి సేవలు పొందే స్త్రీకి 21 నుంచి 50 ఏళ్లు, పురుషుడికి 21 నుంచి 55 ఏళ్ల వయోపరిమితి వర్తిస్తుంది. రివర్సల్ మామూలు శస్త్రచికిత్స కాబట్టి ఆ పరిమితి కిందికి రాదు.

తెలుగు ఇళ్లలో అడిగేది ఎవరి ఆపరేషన్ గురించి

ఐదో విడత కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వేసెక్టమీపై ఆధారపడిన జంటలు 0.3 శాతం, స్త్రీల ఆపరేషన్‌పై ఆధారపడినవి 37.9 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల ఆపరేషన్ వాటా దాదాపు 70 శాతం. ఇరవై అయిదేళ్లు నిండకముందే ఆపరేషన్ అయిపోయినవారు ఇక్కడ కోకొల్లలు. ఎప్పుడూ ఇలాగే లేదు. 1971 జులైలో ఎర్నాకుళంలో నెల రోజుల శిబిరంలోనే అరవై వేలకు పైగా పురుషులకు వేసెక్టమీ జరిగింది. ఎమర్జెన్సీ ఉధృతంగా ఉన్న 1976-77లో దేశవ్యాప్తంగా జరిగిన 80 లక్షలకు పైచిలుకు ఆపరేషన్లలో అరవై లక్షలకు పైగా పురుషులవే. ఆ బలవంతపు ఆపరేషన్ల చేదు అనుభవం తర్వాత కార్యక్రమం మొత్తం స్త్రీల వైపు మళ్లింది, తిరిగి రాలేదు.

కాబట్టి తెలుగు కుటుంబంలో ‘ఆపరేషన్ తీయించవచ్చా’ అన్న మాట వినిపిస్తే అది చాలావరకు ట్యూబెక్టమీ గురించే అవుతుంది. వేసెక్టమీ శాతాలను దానికి అంటగట్టడం పొరపాటు. శుక్రవాహిక మోసుకెళ్లే గొట్టం మాత్రమే, తెరుచుకుంటే దాని పని అయిపోయినట్టే. అండవాహిక అలా కాదు. అండం, శుక్రకణం కలిసేది అందులోనే, ఏర్పడిన పిండాన్ని నాలుగైదు రోజులపాటు మెల్లగా గర్భసంచి వైపు నెట్టేదీ అదే. కుట్టినచోట సన్నగా ఇరుకు మిగిలితే పిండం అక్కడే ఆగి పెరగడం మొదలవుతుంది. నాళంలో గర్భం అనే ఈ ప్రమాదం ట్యూబెక్టమీ రివర్సల్‌లో ఉంటుంది, వేసెక్టమీ రివర్సల్‌కు ప్రత్యేకంగా దానితో సంబంధం లేదు. ట్యూబెక్టమీ విషయంలో గడిచిన ఏళ్లకన్నా భార్య వయసు, మిగిలి ఉన్న నాళం పొడవు ఎక్కువగా లెక్కకు వస్తాయి. రింగో క్లిప్పో వేసినచోట నాళం కొద్దిగానే దెబ్బతింటుంది, ప్రసవం తర్వాత పొట్ట కోసి ముక్క తీసినచోట ఎక్కువ పోతుంది. కలిపిన తర్వాత నాలుగు సెంటీమీటర్లకన్నా ఎక్కువ మిగిలితే ఆశ బాగుంటుంది.

సామూహిక విషాదాల్లో ప్రభుత్వాలే ఈ ఆపరేషన్‌ను భుజాన వేసుకున్న సందర్భాలు ఉన్నాయి. 2004 డిసెంబరు సునామీలో పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు తమిళనాడు ప్రభుత్వం రీకెనలైజేషన్‌ను ఉచితంగా చేయించింది. 2008 సిచువాన్ భూకంపంలో ఒక్కగానొక్క బిడ్డను కోల్పోయినవారి కోసం చైనా ప్రభుత్వం కూడా ఇలాంటి ఏర్పాటే చేసింది. రెండు చోట్లా ప్రధానంగా కదిలింది స్త్రీల ఆపరేషన్లను సరిచేసే వైద్యబృందాలే.

ఆపరేషన్ తర్వాతి ఏడాది

రివర్సల్ జరిగిన రోజే భర్త ఇంటికి వెళ్లవచ్చు, లేదా ఒక రాత్రి ఉండాల్సి వస్తుంది. మూడు నాలుగు వారాలు బరువులు ఎత్తడం, సైకిలు, బైకు నడపడం మానాలి, లంగోటీ వంటి బిగుతైన ఆసరా వాడాలి, సర్జన్ చెప్పేవరకు దాంపత్యానికి దూరంగా ఉండాలి. ఈ జాగ్రత్తలన్నీ ఆ సన్నని కుట్ల మీద లాగుడు పడకుండా చూడటానికే.

ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదటి వీర్యపరీక్ష జరుగుతుంది. శుక్రకణం తయారు కావడానికే రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి మొదటి పరీక్షలో అంకె తక్కువగా వచ్చినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. నాళాన్ని నాళంతో కలిపినవారిలో చాలామందికి మూడు నెలల్లోపు శుక్రకణాలు కనిపిస్తాయి. ఆరు నెలలకీ కనిపించకపోతే విఫలమైనట్టు భావిస్తారు. ఎపిడిడిమిస్‌కు అతికినవారు ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఆగాలి. గర్భం రావడానికి సగటున మరికొన్ని నెలలు పడుతుంది.

కనిపించిన శుక్రకణాలు మళ్లీ మాయమవడం కూడా ఉంది. కుట్టినచోట మచ్చకణజాలం పెరిగి దారి మెల్లగా ఇరుకైపోతుంది. ఎపిడిడిమిస్‌కు అతికినవారిలో ఈ ముప్పు మరీ ఎక్కువ. అందుకే శుక్రకణాలు బాగా ఉన్న తొలి నెలల్లోనే కొంత వీర్యాన్ని శీతలీకరించి దాచుకోమని సూచిస్తారు. ఆపరేషన్ సమయంలోనే కొంత తీసి భద్రపరిచే పద్ధతి కూడా ఉంది. దానివల్ల రివర్సల్ విఫలమైతే ఇక్సీ కోసం మళ్లీ సూది పొడిపించుకోనక్కరలేదు. మొదటి రివర్సల్ విఫలమైనవారికి రెండోసారి ప్రయత్నించడమూ సాధ్యమే. 1991 అధ్యయనంలో అలా రెండోసారి చేయించుకున్నవారిలో 75 శాతం మందికి శుక్రకణాలు తిరిగి కనిపించాయి, ఆచూకీ తెలిసిన 120 జంటల్లో 52 మందికి గర్భం వచ్చింది.